మంచు సెలవులకు ముందు ఊరు, ఆ తర్వాతే కొండ

థాంక్స్‌గివింగ్ సేల్స్ ముగిసి, గరాజ్ మూలనున్న మంచు పారలు ముందుకొచ్చేసరికి షామ్‌బర్గ్‌లో మనవాళ్ళ ఇళ్ళల్లో ఒకటే ప్రశ్న: "ఈ వింటర్‌లో ఎక్కడికైనా వెళ్దామా?" నాన్న ఫ్లోరిడా అంటాడు. పిల్లలు స్కీయింగ్ అంటారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మనో నాన్నమ్మనో ఎవరూ అడగరు. అడిగితే మా అమ్మ అన్నట్టే అంటుంది: "ఇక్కడి చలి చాలక, ఇంకా పైకి పోయి డబ్బిచ్చి చలి కొనుక్కుంటారుటర్రా?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మనవాళ్ళ స్కీ ట్రిప్పులు ఎలా జరుగుతాయో మీకూ తెలుసు. ఆరుగురు వెళ్తే ఇద్దరు కొండ మీద ఉంటారు. మిగతా నలుగురు లాడ్జిలో కూర్చుని తడి గ్లవ్సులకు కాపలా కాస్తూ, ఫ్రెంచ్ ఫ్రైస్ తింటూ సాయంత్రం చేస్తారు. మరుసటి ఏడు మళ్ళీ వెళ్దామంటే ఎవరూ కదలరు. అందుకే ఈసారి శీర్షికలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్లాన్ కొండతో మొదలుపెట్టకండి, ఊరితో మొదలుపెట్టండి. ఊరు ఎంచుకునేటప్పుడు స్కీ చేసేవాళ్ళని కాదు, చెయ్యనివాళ్ళని తలుచుకోండి.

ఇది సరదా సంగతి మాత్రమే కాదు. డిసెంబరు మొదట్లో మనకి సాయంత్రం 4:20కే పొద్దు గుంకుతుంది. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఉండేది మహా అయితే ఆరు నెలలు. అందులో మూడు నాలుగు నెలలు చలికాలంలో పడితే, వాళ్ళు చూసేది కిటికీలోంచి కనిపించే అమెరికా ఒక్కటే. మనవలు బడికి, మనం ఆఫీసుకి, వాళ్ళు టీవీ ముందుకి. మూడు రోజులు అందరూ కలిసి ఒకే చోట గడిపే అవకాశాన్ని ఇద్దరి స్కీయింగ్ కోసం ఖర్చు పెట్టేయడం నాకు గిట్టదు.

ఎలాంటి ఊరు?

నా లెక్క ఇది. ఇంటర్‌స్టేట్ మీదే వెళ్ళేలా ఉండాలి. నాలుగైదు గంటలకు మించకూడదు. కొండ హోటల్‌కి పదిహేను నిమిషాల్లో ఉండాలి. వెచ్చగా కూర్చుని చూడదగ్గది ఊళ్ళో ఒక్కటైనా ఉండాలి. ఆసుపత్రి, కిరాణా కొట్టు దగ్గరలో ఉండాలి. పెద్ద స్కీ రిసార్టుల్లో చాలావాటికి ఈ చివరి రెండూ ఉండవు. చిన్న నగరానికి ఉంటాయి.

ఈ లెక్కకు సరిగ్గా సరిపోయేది విస్కాన్సిన్‌లోని వాసా. జనాభా దాదాపు 40,000. షామ్‌బర్గ్‌లో ఐ-90 ఎక్కి, రాక్‌ఫర్డ్, మాడిసన్ దాటి, పోర్టేజ్ దగ్గర ఐ-39 పట్టుకుంటే తిన్నగా అక్కడికే. ఆగకుండా పోతే నాలుగు గంటలు. పెద్దవాళ్ళతో, పిల్లలతో అయితే ఐదున్నర వేసుకోండి. గంటన్నరకోసారి ఆగండి. మధ్యాహ్న భోజనానికి మాడిసన్ బాగుంటుంది. "వాసా" అన్నది ఒజిబ్వే భాష నుంచి వచ్చిన పేరు. దూరంగా ఉన్న చోటు అని అర్థం. దూరం అన్నారని భయపడకండి, మనకి మరీ అంత దూరమేం కాదు.

ఊరి పక్కనే రిబ్ మౌంటెన్. ఎత్తు సముద్రమట్టానికి 1,924 అడుగులు. దాని మీదున్న స్కీ ఏరియా పేరు గ్రానైట్ పీక్. పిల్లలకి ఒక తమాషా చెప్పండి: పేరులో గ్రానైట్ ఉంది గానీ ఆ కొండ రాయి గ్రానైట్ కాదు, క్వార్ట్‌జైట్. చుట్టూ ఉన్న నేల కోట్ల ఏళ్ళలో అరిగిపోయినా ఈ గట్టి రాయి అరగక కొండలా మిగిలిపోయింది. ఇక్కడ స్కీయింగ్ 1937లో మొదలైంది. ఆర్థిక మాంద్యం రోజుల్లో సివిలియన్ కన్జర్వేషన్ కోర్ కుర్రాళ్ళు ఈ కొండ మీద దారులు కొట్టారు. పై నుంచి కిందికి 700 అడుగుల వాలు, అంటే 70 అంతస్తుల మేడంత. కొలరాడో ముందు ఇది చిన్నదే. నేర్చుకునేవాళ్ళకి మాత్రం కావలసినంత.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు తప్పకుండా లెసన్ తీసుకోండి. లెసన్, రెంటల్, లిఫ్ట్ టికెట్ కలిపి ప్యాకేజీగా ఇస్తారు; ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే సాధారణంగా తగ్గుతుంది. దారుల గుర్తులు ఇంట్లోనే నేర్పండి: ఆకుపచ్చ గుండ్రం తేలిక, నీలం చదరం మధ్యస్థం, నల్ల వజ్రం కష్టం. నల్ల వజ్రం బోర్డు ముందు ఫొటో దిగి, వెనక్కి తిరిగి రావడంలో అవమానమేమీ లేదు. హెల్మెట్ పిల్లలకే కాదు, నాన్నకి కూడా.

కొండెక్కనివాళ్ళ సంగతి

ఉదయం పిల్లలు లెసన్‌లో ఉండగా తాతయ్య, అమ్మమ్మ ఒక గంట లాడ్జి అద్దాల్లోంచి చూస్తే చాలు. మనవడు మూడుసార్లు పడి నాలుగోసారి నిలబడ్డప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి. ఆ తర్వాత ఇంట్లో ఒక్కరు వాళ్ళని ఊళ్ళోకి తీసుకెళ్ళండి. ఆ డ్యూటీని రోజుకొకరు పంచుకోండి. ఎప్పుడూ కోడలికే వదిలేయకండి.

ఊళ్ళో లీ యాకీ వుడ్సన్ ఆర్ట్ మ్యూజియం ఉంది. 1976లో తెరిచారు. ప్రవేశం ఉచితం. ప్రతి శరదృతువులో జరిగే "బర్డ్స్ ఇన్ ఆర్ట్" ప్రదర్శన వల్ల దీనికి పేరు. చలికాలంలో వేరే ప్రదర్శనలుంటాయి. తెరిచే వేళలు చూసుకుని వెళ్ళండి. సిల్వన్ హిల్ అనే కౌంటీ పార్కులో ట్యూబింగ్ ఉంది. పెద్ద రబ్బరు ట్యూబ్‌లో కూర్చుని జారడమే, విద్య అక్కర్లేదు. పైకి లాగడానికి తాడు ఉంటుంది. మోకాళ్ళు, నడుము బాగున్న తాతయ్యలు ఇక్కడ పిల్లల్ని మించిపోతారు. నైన్ మైల్ ఫారెస్ట్‌లో స్నోషూలతో నడిచే దారులున్నాయి. అక్కడి నిశ్శబ్దం మన సబ్‌డివిజన్లో దొరకదు.

ఇంకొక సంగతి. వాసాలో పదిమందిలో ఒకరికి పైగా ఆసియా మూలాలున్నవాళ్ళు. వాళ్ళలో అత్యధికులు హ్మాంగ్ ప్రజలు. వియత్నాం యుద్ధ కాలంలో లావోస్ కొండల్లో అమెరికా పక్షాన పోరాడి, 1975 తర్వాత దేశం విడిచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాలు. మంచన్నది ఎరగని నేల నుంచి వచ్చి, మన ఊరికంటే చల్లటి ఊళ్ళో పిల్లల్ని పెంచారు. మన చలి కష్టాలు ఏకరువు పెట్టే ముందు వాళ్ళని తలుచుకోవాలి. వాళ్ళ కిరాణా కొట్లలో బియ్యం, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర దొరుకుతాయి. వంటగది ఉన్న సూట్ తీసుకుని రైస్ కుక్కర్ వెంట పెట్టుకుంటే సాయంత్రం వేడివేడి చారన్నం సిద్ధం. మంచులో రోజంతా తిరిగొచ్చాక దానికి సాటి వచ్చే రెస్టారెంట్ ఏదీ లేదు.

నాలుగు గంటల ప్రయాణం పెద్దవాళ్ళకి కష్టమనుకుంటే ఐ-90 వదిలి పడమటికి తిరగండి. రెండున్నర మూడు గంటల్లో మన రాష్ట్రంలోనే గెలీనా. దాని దగ్గర మిసిసిపీ నది ఒడ్డున చెస్ట్‌నట్ మౌంటెన్. నది దాటితే అయోవాలో డుబ్యూక్, అక్కడ సన్‌డౌన్ మౌంటెన్. డుబ్యూక్‌లో మిసిసిపీ నది మ్యూజియం, అక్వేరియం ఉన్నాయి. చేపల్ని చూస్తూ పసిపిల్లలూ, పెద్దలూ సగం రోజు హాయిగా గడిపేస్తారు.

ఎప్పుడు వెళ్ళాలి?

జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. సంక్రాంతి వెళ్ళిన వెంటనే వస్తుంది కాబట్టి అరిసెలు, జంతికలు, సకినాలు డబ్బాల్లో ఇంకా మిగిలే ఉంటాయి. అయితే ఆ మూడు రోజులూ రద్దీ, రేటు రెండూ ఎక్కువే. ఒక కిటుకు చెప్తాను. ఫిబ్రవరి 12 లింకన్ పుట్టినరోజు ఇలినాయ్‌లో సెలవు, విస్కాన్సిన్‌లో కాదు. మీ స్కూల్ డిస్ట్రిక్ట్ క్యాలెండర్‌లో ఆ సెలవుంటే ఆ రోజు అక్కడి పిల్లలు బడిలో, మన పిల్లలు కొండ మీద ఉంటారు.

బుకింగ్ మాత్రం రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి. మంచు చెప్పిన మాట వినే రోజులు పోయాయి. విస్కాన్సిన్‌లో 1973 నుంచి జరుగుతున్న ప్రసిద్ధ బిర్కెబైనర్ స్కీ పందేన్ని 2024 ఫిబ్రవరిలో మంచు లేక, మెషిన్లతో చేసిన మంచు మీద 10 కిలోమీటర్ల చుట్టుదారిలో జరిపారు. మరోవైపు 2019 జనవరి 31న గెలీనా వెళ్ళే వైపున్న మౌంట్ కరోల్‌లో మైనస్ 38 ఫారెన్‌హీట్ నమోదైంది. ఇలినాయ్ చరిత్రలోనే అది రికార్డు. మంచు లేకపోయినా, చలి మితిమీరినా ప్రయాణం వాయిదా వేసుకోగలిగేలా ఉండాలి.

భద్రత: ఇది వంకలు పెట్టే చోటు కాదు

విండ్ చిల్ మైనస్ 20 ఫారెన్‌హీట్‌కి దిగితే, కప్పుకోని చర్మం అరగంటలోనే గడ్డకట్టే ప్రమాదం ఉంది. అలాంటి రోజున మ్యూజియమే మేలు.

2011 ఫిబ్రవరి 1, 2 తేదీల తుఫానులో షికాగోలో 21 అంగుళాల పైన మంచు పడి, లేక్ షోర్ డ్రైవ్ మీద వందల కార్లు రాత్రంతా చిక్కుబడిపోయాయి. మహానగరం నడిబొడ్డునే అలా జరిగితే హైవే మీద సంగతి చెప్పాలా? కారులో దుప్పట్లు, పార, నీళ్ళు, ఫోన్ చార్జర్, పెద్దవాళ్ళ మందులు ఉంచండి. పెట్రోలు సగానికి తగ్గనివ్వకండి. మంచులో చిక్కుబడితే ఇంజన్ వేసే ముందు వెనక పొగగొట్టం చుట్టూ మంచు తీసెయ్యండి. లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొచ్చి ప్రాణం తీస్తుంది. బయల్దేరే ముందు రోడ్ల పరిస్థితి చూసుకోండి. విస్కాన్సిన్‌లో అయితే 511.

పిల్లల్ని ఉబ్బెత్తు కోటుతో కార్ సీట్‌లో కట్టెయ్యకండి. గుద్దుకున్నప్పుడు కోటు నలిగిపోయి బెల్టు వదులవుతుంది. కోటు విప్పి, బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పండి.

నూలు బట్టలు, జీన్స్ తడిస్తే ఆరవు. ఒంటికి థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన నీళ్ళు దిగని జాకెట్. చీర వదలనంటే అమ్మమ్మకి లోపల థర్మల్స్, ఉన్ని సాక్సులు, కాళ్ళకి బూట్లు తప్పవు. ఆ బూట్ల కింద తగిలించుకునే ముళ్ళ పట్టీలు కొనివ్వండి. ఈ వయసులో తుంటి విరిగితే వచ్చిన ఆరు నెలలూ మంచానికే. విజిటర్ ఇన్సూరెన్స్ పాలసీలో స్కీయింగ్ గురించి, పాత జబ్బుల గురించి ఏం రాశారో బయల్దేరకముందే చదవండి.

ముందు రిహార్సల్

నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. ఆ అమ్మాయి తిన్నగా ఎవరెస్ట్‌కి వెళ్ళలేదు. ముందు భువనగిరి కోట రాతిగుట్ట, తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడఖ్. మెట్టు మెట్టుగా వెళ్ళింది. మనకీ అదే పద్ధతి. షామ్‌బర్గ్ పక్కనే బార్ట్‌లెట్‌లో పార్క్ డిస్ట్రిక్ట్ నడిపే విల్లా ఒలీవియాలో చిన్న స్కీ వాలు, ట్యూబింగ్ ఉన్నాయి. డిసెంబరులో ఒక శనివారం అక్కడ గడపండి. ఏ గ్లవ్సు చిన్నదయిందో, ఎవరికి చలి పడదో, ఎవరికి ఉత్సాహం ఉందో ఇంటికి ఇరవై నిమిషాల దూరంలోనే తేలిపోతుంది.

పిల్లలకి ఒక లెక్క

వాసాకి పడమరగా, పొనియాటోవ్‌స్కీ అనే పల్లె దగ్గర పొలాల మధ్య ఒక గుర్తు ఉంది. 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 90 డిగ్రీల పశ్చిమ రేఖాంశం కలిసే చోటు అది. భూమధ్యరేఖకీ ఉత్తర ధ్రువానికీ సగం దారి; గ్రీనిచ్ నుంచి భూగోళంలో పావు చుట్టు. తిరుగు ప్రయాణం రోజున అక్కడ ఆగి, అమ్మమ్మని పక్కన నిలబెట్టుకుని ఈ లెక్క చెయ్యండి.

విజయవాడ రేఖాంశం సుమారు 80.6 డిగ్రీల తూర్పు. ఇక్కడిది 90 డిగ్రీల పశ్చిమం. రెండూ కూడితే 170.6. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి 15తో భాగించండి. 11 గంటల 22 నిమిషాలు వస్తుంది. చలికాలంలో మన గడియారానికీ ఇండియా గడియారానికీ ఉన్న పదకొండున్నర గంటల తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిందా? ఇక ఫోన్ తీసి విజయవాడలో టైమెంతో అమ్మమ్మని అడగండి. మీరు కూడికలు, భాగహారాలు ముగించకముందే ఆవిడ చెప్పేస్తుంది. రోజూ ఆ లెక్క వేసుకునే కదా ఇంటికి ఫోన్ చేసేది!

మళ్ళీ ఉగాది సంచికలో కలుసుకుందాం. అందాకా వెచ్చగా ఉండండి, కానీ ఇంట్లోనే ఉండిపోకండి.