చదివే వేళ్ళకు మన పుస్తకాలేవి?

బ్రెయిల్ పుస్తకాలను పడుకోబెట్టి ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు. బరువుకు చుక్కలు అణిగిపోతాయి. డెహ్రాడూన్ రాజ్‌పూర్ రోడ్డులో ఉన్న జాతీయ దృష్టి దివ్యాంగుల సాధికారత సంస్థ గ్రంథాలయానికి వెళ్ళినప్పుడు, నిలువుగా నిలబెట్టిన ఆ భారీ సంపుటాల వరుసలే మొదట ఆకట్టుకుంటాయి. చేతిలో ఇమిడే నవల కూడా దళసరి కాగితం మీదికి ఎక్కేసరికి రెండు మూడు సంపుటాలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం 1943లో తెరిచిన వసతిగృహం ఈ సంస్థకు మూలం.

అక్కడ కర్నూలు అబ్బాయి ఒకరు పరిచయమయ్యారు. తనలాగే చూపులేని పిల్లలకు పాఠాలు చెప్పేందుకు బీఎడ్ చదువుతున్నారు. పలకలో కాగితం బిగించి, మొనదేలిన స్టైలస్‌తో కుడి నుంచి ఎడమకు టకటకా పొడిచారు. కాగితం తిప్పి నా వేలిని దాని మీద పెట్టారు. నాలుగు గళ్ళు. మొదటిది అ. రెండో గడిలో ఒకే ఒక్క చుక్క, తరువాత రెండు మ-లు. అది 'అమ్మ'. మన లిపిలోలాగా ఒత్తు కిందికి దిగదు. ముందు ఆ ఒంటి చుక్క పడితే, తరువాతి రెండు హల్లులూ కలిసిపోయాయని లెక్క. ఆరు చుక్కల ఈ పద్ధతికి రూపమిచ్చేనాటికి లూయీ బ్రెయిల్ వయసు 15 ఏళ్ళు. అది 1824 నాటి మాట. ఆయన 1852లో కన్నుమూశాక, మరో రెండేళ్ళకు గానీ ఆయన చదివి, పాఠాలు చెప్పిన పారిస్ పాఠశాల దాన్ని అధికారికంగా ఒప్పుకోలేదు.

1951లో ఖరారైన భారతి బ్రెయిల్‌లో మరో గొప్ప సంగతి ఉంది. తెలుగు క, హిందీ క, బెంగాలీ క, అన్నిటికీ అవే చుక్కలు. పక్క రాష్ట్రంలో బస్సు బోర్డు చదవలేక మనం నిలబడిపోతాం. ఈ అబ్బాయి మాత్రం కొత్త లిపి నేర్చుకునే పనే లేకుండా హిందీ పుస్తకం తెరిచి చదువుకుంటారు. లిపులు వేరైన దేశంలో అందరికీ ఉమ్మడి లిపి ఉన్నది చూపులేని పాఠకులకే!

అయితే ఆయన అన్న మాట మనసును పట్టి లాగింది. "పోటీ పరీక్షల పుస్తకాలైతే ఎవరో ఒకరు చదివి రికార్డు చేసి పెడతారు సార్. కొత్త కథలు, కవిత్వం మాకెవరు చదువుతారు?"

ఉద్యోగానికి పనికొచ్చే చదువైతే చాలు, సాహిత్యం వాళ్ళకెందుకులే అని ఎవరూ నోరు తెరిచి అనరు. జరుగుతున్నది మాత్రం అదే. చట్టం అడ్డు అనుకుందామా అంటే, అదీ కాదు. 2012 కాపీరైట్ సవరణ తరువాత, లాభాపేక్ష లేకుండా ఒక పుస్తకాన్ని దివ్యాంగులు చదువుకోగల రూపంలోకి మార్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చూపులేనివారికి పుస్తకాలు అందేలా 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనది. 2016 నుంచి సుగమ్య పుస్తకాలయ పేరుతో ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా ఉంది.

అసలు చిక్కు మన డీటీపీ గదుల్లో ఉంది. యూనికోడ్‌కు ముందు పుట్టిన ఫాంట్లతోనే తెలుగు పుస్తకాలు ఇంకా పెద్ద ఎత్తున తయారవుతున్నాయి. తెరమీద 'కథ' అని ముచ్చటగా కనబడుతుంది. ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, ఏవో గుర్తులు. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది. వినేవారికి మిగిలేది అర్థంలేని గోల. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే వట్టి బొమ్మ, దానికి నోరే లేదు. అదే యూనికోడ్ పాఠం చేతికిస్తే ఫోన్ వెంటనే చదివి వినిపిస్తుంది. బ్రెయిల్ ముద్రణకూ అదే ఫైలు పనికొస్తుంది. ఎవరో పూనుకుని పుస్తకమంతా మళ్ళీ టైపు చేసే చాకిరీ తప్పుతుంది.

వేళ్ళకు అందవలసినవి పుస్తకాలే కాదు. ఢిల్లీ జాతీయ మ్యూజియంలో 2015లో 'అనుభవ్' అనే విభాగం తెరిచారు. శిల్పాల నకళ్ళను అక్కడ చేత్తో తడిమి చూడవచ్చు. 'ముట్టుకోరాదు' అన్న బోర్డుల మధ్య అలాంటి గది ఒకటి ఉండటం ఎంత మర్యాద! అమరావతి శిల్పాలు ఉన్న ప్రతి మ్యూజియంలోనూ ఆ మర్యాద జరగాలి.

మ్యూజియం గది కట్టాలంటే డబ్బు కావాలి, సర్కారు కదలాలి. ఫైలు ఇవ్వడానికి అంత ప్రయాస లేదు. తన పుస్తకం అచ్చుకు వెళ్ళేటప్పుడు యూనికోడ్ ప్రతి కావాలని ప్రతి రచయితా ప్రచురణకర్తను అడగవచ్చు. అవార్డులకు పుస్తకాలు కోరే సంస్థలు, 'నాలుగు ప్రతులు పంపండి' అనే చోట 'యూనికోడ్ ఫైలు కూడా' అని ఒక్క ముక్క చేర్చవచ్చు. ప్రజాధనంతో అచ్చయ్యే పుస్తకానికైతే ఇది షరతు కావాలి. ఈ పత్రికలో అచ్చయ్యే ప్రతి కథ, ప్రతి కవిత, ప్రతి వ్యాసం యూనికోడ్ పాఠాన్ని, అడిగిన చూపులేని పాఠకులకు సంచిక వెలువడిన రోజే ఉచితంగా పంపుతాం.