పాట అర్థం పాడినవాళ్ల దగ్గర ఉంది

కొత్త క్రైస్తవ పాట విడుదలైతే ఈమధ్య దానితోపాటు ఒక కథ కూడా వస్తోంది. రాసినవారు ఏ జబ్బుతో మంచాన పడ్డారు, ఏ నష్టంలో కుంగిపోయారు, ఏ రాత్రి ప్రార్థనలో పల్లవి తట్టింది అన్నది ముందు చెప్పి, ఆ తర్వాత పాట వినిపిస్తారు. సాక్ష్యం చెప్పుకోవడం సంఘంలో పాత అలవాటే, అందులో తప్పేమీ లేదు. ఆ కథ తెలిస్తే పాట అర్థమైపోయినట్టే అని అనుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం. ఆరాధనలో పాడే పాట ఒకరి గుండెలో పుట్టవచ్చు గానీ, దాని అర్థం తరతరాలుగా పాడుకున్నవాళ్ల బతుకుల్లో నిలబడుతుంది. నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ఊళ్లలో కీర్తన ఎలా బతికిందో చూస్తే ఈ మాట తేలిగ్గానే రుజువవుతుంది.

ముందు లోకమంతా ఎరిగిన ఉదాహరణ ఒకటి చూద్దాం. ‘అమేజింగ్ గ్రేస్’ రాసిన జాన్ న్యూటన్ బానిసల ఓడల్లో పనిచేసినవాడు. 1748లో తుపానులో ఓడ మునగబోతుంటే దేవుణ్ణి పిలిచాడనీ, మారిపోయాడనీ, పాట రాశాడనీ చెప్పుకుంటారు. తుపాను నిజమే, ఆయన దేవుణ్ణి పిలవడమూ నిజమే. ఆ తర్వాత కూడా ఆయన కొన్నేళ్లు బానిసల ఓడలు నడిపాడన్నదీ అంతే నిజం. 1754లో సముద్ర ప్రయాణాలు మానడానికి కారణం అనారోగ్యం. ఓల్నీ అనే ఊళ్లో గురువుగా ఉంటూ 1773 కొత్త సంవత్సరం ప్రసంగం కోసం ఆ పాట సిద్ధం చేశాడు. 1779లో అచ్చయింది. బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ ఆయన పుస్తకం వేసింది 1788లో. ఇప్పుడు మనం వింటున్న వరస 1835లో అమెరికాలో దానికి జతపడింది. ఆ అమెరికాలోనే, బానిసత్వం అనుభవించిన నల్లజాతి సంఘాలు ఆ పాటను తమది చేసుకున్నాయి. వాళ్ల నోట కృప అన్న మాటలోకి సంకెళ్లు తెగడం కూడా వచ్చి చేరింది. ఆ అర్థం తుపాను కథలో ఎక్కడ వెతికినా దొరకదు.

తెలుగు కీర్తనకు ఇలాంటి చరిత్రే ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అనగానే మొదట గుర్తుకొచ్చే పేరు పురుషోత్తమ చౌదరిది. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన ఆయన వంగ బ్రాహ్మణ కుటుంబం వాడు. 1833లో బాప్తిస్మం పొందాడు. ఆ కాలంలో అలాంటి ఇంటివాడు ఆ అడుగు వేస్తే కులం, చుట్టరికం రెండూ దూరమవుతాయి. ఆయన కీర్తనల్లో తరచూ వినిపించే శరణు వేడుకోలు వెనక ఆ ఒంటరితనం ఉందని అనుకోవడం సమంజసమే. కళింగాంధ్రలో ఒక చదువుకున్న మనిషి పడిన వేదన అది. అదే కీర్తన కృష్ణా మెట్టలోని మాలపల్లెకు, మాదిగపల్లెకు చేరేసరికి పాడేవాళ్లు వేరు, వాళ్ల కష్టం వేరు.

ఆ పల్లెల్లో పాటకంటే ముందు ఒక ప్రశ్న ఉంది. నందిగామ ప్రాంతంలోని రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద ఉండేవాడు. విగ్రహాల మీద నమ్మకం పోయాక, అసలు దేవుడెవరో, ఎక్కడున్నాడో తనకు చూపించమని పేరు తెలియని ఆ దేవుణ్ణే రోజూ వేడుకున్నాడని మిషన్ చరిత్రలు రాశాయి. 1859లో ఆయన చర్చ్ మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) మిషనరీ డార్లింగ్‌ను కలిశాడు. బాప్తిస్మం తీసుకుని, ఆ వార్తను తన వాళ్ల మధ్యకు మోసుకెళ్లాడు. అంతకు పద్దెనిమిదేళ్ల ముందే, 1841లో, మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అదే మిషన్ పని మొదలుపెట్టారు. నోబుల్ బడి పెట్టి పై కులాల పిల్లలకు చదువు చెప్పాడు. అయితే ఊళ్లకు ఊళ్లు కదిలింది మాత్రం మెట్టలో, ఆ బడి గడప తొక్కనివాళ్లతో. దేవుడు తనకు కనిపించాలని అడిగిన మనిషి వారసులు కీర్తన పాడినప్పుడు, ఆ వేడుకోలులో వాళ్ల సొంత ప్రశ్న కూడా కలిసింది. ఊరి గుడిలోకి రానివ్వని, ఊరి బావి ముట్టనివ్వని మనుషులు దేవుణ్ణి రమ్మని పిలవడమంటే, గడప అవతల నిలబడి పిలవడం. చౌదరి రాసేటప్పుడు ఆ గడప ఆయన మనసులో లేకపోయి ఉండవచ్చు. పాడినవాళ్లకు మాత్రం అది రోజూ కళ్లెదుట ఉన్నదే.

కీర్తన నిర్మాణం కూడా వాళ్లకు అనుకూలించింది. ఉపదేశి చరణం అందుకుంటే సంఘం పల్లవి తిప్పుతుంది. చదువు రానివాళ్లకు బైబిలు కథ చరణాల ద్వారా చెవికి ఎక్కేది, తమ జవాబు పల్లవిలో పదేపదే నోటికి వచ్చేది. డోలక్, తాళాలు ఉంటే చాలు, పుస్తకం అక్కర్లేదు. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య ఈ సంగతి బాగా పట్టుకున్నాడు. తరవాత కృష్ణా మెట్ట సంఘాలు కూడా ఆయన అధ్యక్ష మండలం కిందికి వచ్చాయి. తెలుగు కీర్తన, భజన, కోలాటం ఆరాధనలో ఉండాలని ఆయన పట్టుబట్టాడు. పల్లెవాళ్ల నోటికి పట్టిన పాటను వేదాంత పాఠంతో సమానంగా చూసిన పెద్దల్లో ఆయన ముందుంటాడు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. రాగం, తాళం, సంస్కృత సమాసాలు ఇవన్నీ సభలవీ దేవాలయాలవీ కదా, దళితుల మీద రుద్దిన పై కులాల సొత్తే కదా అంటారు. ఈ మాటను తోసిపారేయలేను. కొన్ని కీర్తనల భాష ఈనాటికీ చదువుకున్నవాళ్లకే కొరుకుడు పడదు. పల్లెల సొంత బాణీలకు పాటల పుస్తకంలో దక్కిన చోటు చాలా తక్కువ. అయినా ఒకటి గమనించాలి. ఏ సంగీతానికి తమను బయట నిలబెట్టారో, ఆ సంగీతాన్నే తమ ప్రార్థన మందిరంలో, తమ గొంతుతో, ఎవరి అనుమతీ అడగకుండా పాడుకోవడం లొంగుబాటు ఎలా అవుతుంది? పైగా వాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు ఉంచలేదు. పుస్తకంలో పైన అచ్చువేసిన రాగం ఒకటైతే, పల్లెలో నిలిచిన వరస మరొకటి కావచ్చు. సంగీతం తెలిసినవాళ్లు దాన్ని తప్పు అంటారు. నాకది హక్కుదారు ఇంటిని తన అవసరానికి మార్చుకున్నట్టు కనిపిస్తుంది.

పాడేవాళ్లే అర్థం ఇస్తారంటే ఇక ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకోవచ్చా అన్నది ఇంకో ప్రశ్న. అలా కుదరదు. కీర్తన మాటలకు దావీదు కీర్తనల్లో, సువార్తల్లో పునాది ఉంది. ఆ కట్టు దాటి సంఘం పాటను తిరగరాయలేదు. రక్షణ అన్నచోట తన ఆకలిని, తన వెట్టిని కూడా తలుచుకుంది, అంతే. ఐగుప్తు వెట్టిలోంచి విడిపించిన కథ ఉన్న గ్రంథంలో ఆ తలపుకు చోటు మొదటినుంచీ ఉంది. రచయిత సాక్ష్యాన్ని పక్కన పెట్టమని కూడా నేననడం లేదు. అది మొదటి చరణం లాంటిది, మిగతా చరణాలు సంఘానివి. ఇవాళ కీబోర్డు మీద పుడుతున్న పాటలకూ ఇదే వర్తిస్తుంది. వాటిలో ఏవి నిలుస్తాయో రాసినవారి కథ తేల్చదు, చావింట్లోనూ పెళ్లింట్లోనూ జనం వేటిని అందుకుంటారన్నదే తేలుస్తుంది.

అందుకే నాకు కంగారుగా ఉన్నది పాత వరసల గురించి. మన చేతుల్లో తిరిగే కీర్తనల పుస్తకాల్లో రాగం పేరు, తాళం పేరు ఉంటాయి, స్వరాలు ఉండవు. వరస పెద్దవాళ్ల జ్ఞాపకంలోనే ఉంది. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపాన్ని 1882లో పురావస్తు పరిశోధకుడు బర్జెస్ తవ్వించి, బొమ్మలు గీయించి, పుస్తకం వేశాడు. చెక్కడపు రాళ్లు మద్రాసు మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. అదే నేల మీద నూట అరవై ఏళ్లుగా పాడుతున్న పాటకు అలాంటి శ్రద్ధ దక్కాలి. విజయవాడలోని కృష్ణా-గోదావరి అధ్యక్ష మండలం, నోబుల్ కళాశాల, తెలుగు శాఖలున్న విశ్వవిద్యాలయాలు కలిసి పూనుకుంటే ఇది పెద్ద ఖర్చు పని కాదు. ఊరూరా పెద్దల గొంతులు రికార్డు చేయాలి. ఏ కీర్తన ఏ సందర్భంలో పాడేవారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, పుస్తకంలో ఉన్నదానికీ తమ వరసకూ తేడా ఏమిటి, ఏ చరణం దగ్గర కన్నీళ్లు పెట్టుకునేవారు అని అడిగి రాసిపెట్టాలి. ఆ పని రాఘవాపురం నుంచే మొదలుపెట్టవచ్చు.