ఋతుసంధి

మాఘ ఫాల్గుణములు శిశిర ఋతువు. చైత్ర వైశాఖములు వసంత ఋతువు. పంచాంగములో ఈ రెంటికిని నడుమ గల హద్దు ఒక గీత మాత్రమే. అమావాస్యతో శిశిరము ముగియును; మరునాడు పాడ్యమితో వసంతము ప్రవేశించును. కాని మనుష్యుని శరీరము పంచాంగపు పుట వంటిది కాదు. దానిని ఒక్క రాత్రిలో త్రిప్పివేయుటకు వీలులేదు. చలికి అలవడిన దేహము ఎండకు అలవడుటకు కొంత వ్యవధి కావలెను. ఆ వ్యవధిని ఎట్లు గడపవలెనో మన పెద్దలు ఆలోచించిరి. వారి ఆలోచనను నేటివారు పండుగలలో నిలుపుకొనిరి గాని, దినచర్యలో విడిచిపెట్టిరి. ఇది విచారింపదగిన విషయము.

అష్టాంగహృదయమును రచించిన వాగ్భటుడు ఋతుచర్యను బోధించుచు, ఒక ఋతువులోని కడపటి ఏడు దినములకును, తరువాతి ఋతువులోని మొదటి ఏడు దినములకును కలిపి ‘ఋతుసంధి’ యని పేరు పెట్టెను. ఈ పదునాలుగు దినములలో పాత ఋతువునకు తగిన అలవాట్లను క్రమక్రమముగా విడుచుచు, క్రొత్త ఋతువునకు తగినవానిని క్రమక్రమముగా చేపట్టవలెననియు, హఠాత్తుగా మార్చినచో రోగములు పుట్టుననియు అతని అభిప్రాయము.

నేటి శరీరశాస్త్రము చెప్పు మాటయు దీనికి దూరము కాదు. ఎండకు అలవడుటకు శరీరమునకు ఇంచుమించు ఒక వారము మొదలు రెండు వారములు పట్టునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ప్రతిదినము కొంచెము సేపు వేడిలో మెలగినచో, చెమట ముందుకంటె త్వరగాను, అధికముగాను పట్టును. ఆ చెమటతో పోవు ఉప్పు తగ్గును. గుండె మునుపటివలె వేగముగా కొట్టుకొనదు. ఈ మార్పు ఒక్క దినములో రాదు. వాగ్భటునికి చెమటలోని ఉప్పును కొలుచు సాధనములు లేవు. అయినను అతడు చెప్పిన పదునాలుగు దినములును, నేటివారు చెప్పు రెండు వారములును ఒకదాని దరికి ఒకటి వచ్చుట గమనింపదగినది.

మన పండుగల వరుసను చూచినచో ఈ క్రమమే మెట్లు మెట్లుగా కనిపించును. సంక్రాంతినాటికి చలి మెండుగా ఉండును. అప్పుడు నువ్వులు, బెల్లము, నేతితోడి పిండివంటలు తినుదురు. అవి బలమైన ఆహారములు. దేహమునకు వేడి నిచ్చునవి. మాఘ శుద్ధ సప్తమి రథసప్తమి. నాడు జిల్లేడాకులును, రేగుపండ్లును తలపై నుంచుకొని స్నానము చేసి, సూర్యుని ఎదుట నిలిచి పాయసము వండుదురు. అది లేత ఎండతో తొలిపరిచయము. తరువాత శివరాత్రి వచ్చును. శివరాత్రితో చలి ‘శివశివా’ యనుచు పోవునని సామెత. ఆ దినమున ఉపవాసము. సంక్రాంతి మొదలు బరువైన తిండి తిన్న కడుపునకు విశ్రాంతి. ఫాల్గుణ పూర్ణిమ నాడు మోదుగుపూల రంగునీళ్ళు ఒకరిపై నొకరు చల్లుకొందురు. చన్నీటికి వెనుకాడిన దేహము నాటితో వెనుకంజ మానును.

ఉగాదినాటి పచ్చడిలో వేపపువ్వు, క్రొత్త చింతపండు, క్రొత్త బెల్లము, మామిడిపిందెలు చేరును. ఇవి యన్నియు ఆ దినములలో మన పల్లెలలో సమృద్ధిగా లభించునవే. తీపితో పాటు చేదును, వగరును నోటికి పరిచయమగును. తొమ్మిదవనాడు శ్రీరామనవమి. మిరియాలు, ఏలకులు వేసిన పానకమును, నానబెట్టిన వడపప్పును పంచిపెట్టుదురు. విసనకఱ్ఱలు దానము చేయుదురు. అనగా, నువ్వులుండతో మొదలైన నడక విసనకఱ్ఱతో ముగియును. ఈ పండుగలకు భక్తి మూలము కావచ్చును. కాని భక్తి వెంట ఆరోగ్యమును నడచివచ్చినది.

నేడు జరుగుచున్నదేమి? ఉగాదినాడు ఒక చెంచాడు పచ్చడి నాలుకపై వేసికొని, వేపపువ్వు తగిలినంతనే ముఖము చిట్లించి, మరుక్షణమున మిఠాయి వెదకుకొందురు. నిన్నటివరకు దుప్పటి కప్పుకొన్నవారు నేడు శీతలయంత్రము ముందు కూర్చుందురు. దినమంతయు చల్లని గదిలో నుండువాని దేహము ఎండను ఎరుగదు. ఎరుగని ఎండలోనికి ఒకనాడు తప్పనిసరిగా పోవలసివచ్చినప్పుడు తట్టుకొనలేదు. రెండు తెలుగు రాష్ట్రములలోను సాధారణముగా మార్చి మాసపు నడుమ నుండి ఒంటిపూట బడులు నడుపుదురు. పిల్లలను ఎండనుండి కాపాడుటకే ఈ ఏర్పాటు. కాని బడి విడిచినంతనే కొందరు బాలురు పుస్తకముల సంచిని గడపలో పడవేసి, బ్యాటు చేతబట్టి, నడినెత్తిని ఎండ కాయుచుండగా మైదానమునకు పరుగెత్తుదురు. బడి వారి మేలుకొరకు ఇచ్చిన మధ్యాహ్నమును వారు తమ కీడునకే వినియోగించుకొనుచున్నారు.

“విసనకఱ్ఱల కాలము పోయినది, విద్యుత్తు వచ్చినది, ఈ పాత నియమములతో పనియేమి?” అని కొంద రడుగవచ్చును. యంత్రములు వచ్చిన మాట నిజమే. అవి వృద్ధులకును, రోగులకును మేలు చేయు మాటయు నిజమే. కాని అవి పొలములోనికి రావు. ఇటుకబట్టీ దగ్గరకు రావు. రోడ్డు వేయువారి నెత్తిపై నీడ పట్టవు. 2015 వ సంవత్సరము వేసవిలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో రెండువేల మందికి పైగా మరణించిరని ప్రభుత్వపు లెక్కలు తెలిపినవి. వారిలో ఎండలో పనిచేయు కూలీలును, వృద్ధులును అధికులు. ఎండకు అలవాటుపడుట ఒక్కటే వారిని కాపాడి యుండునని చెప్పరాదు. అలవడిన దేహమునకును ఒక మేర కలదు. ఆ మేర దాటినచో నీడ, నీరు, విశ్రాంతి తప్ప వేరు శరణము లేదు.

అట్లని పూర్వులు చెప్పినదెల్ల కన్నులు మూసికొని అనుసరింపవలెనని కాదు. చరకుడు వసంతమున బరువైన, జిడ్డైన, మిక్కిలి తియ్యనైన ఆహారమును తగ్గింపుమనియు, పగటినిద్ర మానుమనియు, వ్యాయామము చేయుమనియు చెప్పెను. ఇవి నేటికిని హితములే. కాని అతడే ఔషధముల పొగ పీల్చుటయు, వమనము చేయుటయు చెప్పెను. అవి బాలబాలికలు తమంత తాము చేయదగినవి కావు. ఈ దినములలో తట్టు, ఆటలమ్మ కనిపించుట కద్దు. గుమ్మమునకు వేపమండలు కట్టి, రోగిని ఇతరులకు దూరముగా ఉంచుట మన ఇండ్ల ఆచారము. దూరముగా ఉంచుట మంచిదే, రోగము వ్యాపింపదు. కాని వేపమండ కట్టితిమి గదా యని వైద్యుని పిలువకుండుట తప్పు. మశూచి భూమిపై లేకుండ పోయినదని 1980 లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించెను. ఆ రోగమును పారద్రోలినది టీకాయే గాని వేపమండ కాదు. తట్టునకును నేడు టీకా కలదు. ఆచారములోని మేలును గ్రహించి, లోపమును శాస్త్రముతో పూరించుకొనుట వివేకము.

ఋతుసంధిని పాటించుట కష్టమైన పని కాదు. ఖర్చు అంతకన్న లేదు. ఆటలు ఉదయమునకును, సాయంకాలమునకును మార్చుకొనవలెను. వేయించిన పదార్థములు దినదినము తగ్గించి మజ్జిగ, అంబలి, కాయగూరలు హెచ్చింపవలెను. దప్పిక వేయకమునుపే నీరు త్రాగవలెను. ఆ నీరు మట్టికుండలోనిదైనచో మరియు మంచిది. కుండకు గల సన్నని రంధ్రముల గుండ నీరు వెలుపలికి ఊరి, ఆవిరియగుచు, లోపలి నీటి వేడిని కొంత తీసికొనిపోవును. గాలి పొడిబారిన కొలది కుండనీరు చల్లనగును. ఋతువు మారిన క్రమముననే అదియు మారును.

చివరకు ఒక్క మాట. రామనవమినాడు పానకము ఇంటివారు మాత్రమే త్రాగుట లేదు. దారినిపోవు వారికి పోయుదురు. విసనకఱ్ఱ తనకొరకు కొనుట కాదు. ఇతరుల కిచ్చుట ఆచారము. తన దేహమును ఎండకు సిద్ధము చేసికొనుట సగము ధర్మము. ఎండలో పనిచేయక తప్పని వానికి నీడయు నీరును ఇచ్చుట తక్కిన సగము. ప్రతి బడి వాకిటను ఒక చలివేంద్రము పెట్టి, పిల్లలే వంతులవారీగా కుండలు నింపినచో, ఆ దారిని పోవు కూలి దప్పిక తీరును. ఋతుసంధి యన నేమో పిల్లలకు పుస్తకముకన్న చక్కగా తెలియును.