స్థితప్రజ్ఞునికి ఫిర్యాదు ఉండవచ్చునా?

ఇటీవల భద్రకాళీ ఆలయ ప్రాంగణంలో ఒక సత్సంగ మిత్రులు ప్రశ్నించారు: "సుఖదుఃఖాలను సమంగా భావించమని భగవానుడు బోధించాడు కదా! మరి పరపాలనపై ఆక్రోశించి, దాన్ని తొలగించుకోవాలని ఉద్యమించడం సాధకునికి తగునా?" ఓరుగల్లులో నిలిచి ఈ ప్రశ్నకు గ్రంథవాక్యాలతో మాత్రమే బదులు చెప్పలేము.

గీత ద్వితీయాధ్యాయంలో ఆ సమత్వాన్ని బోధించిన శ్లోకమే అర్జునుని యుద్ధానికి సన్నద్ధుని చేస్తున్నది. షష్ఠాధ్యాయమేమో పరుల సుఖదుఃఖాలను తనవిగా చూడగలవాడే పరమయోగి అంటున్నది. కాబట్టి సమత్వం స్వీయదుఃఖం విషయంలో వర్తిస్తుంది. పొరుగువాని దుఃఖం పట్ల ఉదాసీనత సమత్వం కాదు, అది తమస్సు.

నిజాం సంస్థాన ప్రజల దుఃఖం ద్వివిధమైనది. 1798 నాటి సైన్యసహకార సంధితో నిజాం ఆంగ్లేయులకు అధీనుడయ్యాడు. వారి సైన్యపు జీతాల బకాయిల కింద 1853లో బేరారు ప్రాంతాన్ని వారి పాలనకు అప్పగించాడు. పైన రెసిడెంటు, ఆ కింద నిజాం, గ్రామంలో దేశ్‌ముఖ్: ఆ భారమంతా చివరకు వెట్టి చేసే వాని వీపుపైనే పడేది. గొల్లవాడు గొర్రెను, కుమ్మరి కుండలను మూల్యం లేకుండా సమర్పించాలి. దొరగారి ప్రయాణానికి మేనా మోయాలి. ఆ దొరలలో అధికులు హిందువులే. గడీలో నిత్యపూజ సాగుతూనే ఉండేది, వెట్టీ సాగుతూనే ఉండేది. భక్తులమైన మనం ఈ సత్యాన్ని దాటవేయడం తగదు. అధర్మానికి మతచిహ్నం లేదు. సంస్థానం భారతదేశంలో విలీనం కావాలని వ్రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన పాత్రికేయుడు షోయబుల్లాఖాన్‌ను ఇక్కడ స్మరించకుండా ఉండలేను.

భాషకూ అదే గతి. ప్రభుత్వ వ్యవహారం, ఉన్నతవిద్య ఉర్దూలోనే. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయాన్ని స్థాపించినవారు గ్రంథాలయ రూపంలో ఒక నిశ్శబ్ద తపస్సు చేశారని నా అభిప్రాయం. సభ జరుపుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని గస్తీ నిషాన్ 53 శాసించింది. 1938లో ఉస్మానియా వసతిగృహాల ప్రార్థనామందిరాలలో వందేమాతర గానాన్ని నిషేధించారు. విద్యార్థులు లొంగలేదు. బహిష్కృతులైనవారికి నాగపూర్ విశ్వవిద్యాలయం ఆశ్రయమిచ్చింది. వారిలో ఓరుగల్లు ప్రాంతపు పి.వి. నరసింహారావు ఒకరు. ప్రార్థనకే అనుమతి కావలసినచోట మౌనంగా జపమాల త్రిప్పుకోవడాన్ని వైరాగ్యమని ఎలా అనగలం?

ఛాందోగ్యం ఆత్మజ్ఞానిని స్వరాట్టు అన్నది. ఆ పదానికి రాజకీయార్థం లేదని పండితులు అంటారు, నిజమే. అయితే తెల్లవారుజామున గడీకి కట్టెలు మోసుకుపోవలసినవానికి ఆత్మవిచారణకు క్షణమేదీ? కాళోజీ తన కవిత్వాన్ని "నా గొడవ" అన్నారు. అందులోని "నా"లో ఎందరున్నారో చూస్తే, అది అహంకార వాచకం కాదని బోధపడుతుంది.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండ్లకు బలయ్యాడు. ఆగస్టు 11న ఓరుగల్లు కోటలో జెండా ఎగురవేసిన సందర్భంలో రజాకార్లు బత్తిని మొగిలయ్యను చంపారు. విముక్తి 1948 సెప్టెంబరు 17న గానీ రాలేదు. వీరు ఉపనిషత్తులు చదివారో లేదో నాకు తెలియదు. రాబోయే ఏకాదశినాడు ఆ మిత్రులను కోటకు తీసుకొనిపోతాను. తోరణాలు చూసిన తరువాత మొగిలయ్య కథ అక్కడే చెబుతాను.