ఒక్క సీసా లెక్క



చిరాగ్‌పల్లి కర్ణాటక సరిహద్దులోని ఊరు. బొంబాయి రోడ్డు మీద వాహనాలను ఆపి సోదా చేయడం ఇక్కడివారు ఏళ్ల తరబడి చూసినదే. అయితే చదువుల కోసం హైదరాబాదు వెళ్లి హాస్టళ్లలో ఉండే మన బిడ్డల గ్లాసును ఆపి చూసే చెక్‌పోస్టు ఏది? వారి చేతిలోని ఫోను ఆ పని చేయగలదా?

స్విట్జర్లాండులో ఈ సంగతే పరీక్షించి చూశారు. మితిమీరి తాగే 1,770 మంది విద్యార్థులలో సగం మందికి ఒక యాప్ ఇచ్చి, ఏడాదిపాటు గమనించారు. ఎంత తాగారో లెక్క రాసుకోవడం, తోటివారితో పోల్చి చూసుకోవడం, రక్తంలో మద్యం ఎంత చేరిందో అంచనా వేసుకోవడం, హద్దు పెట్టుకోవడం వంటివి అందులో ఉన్నాయి. 2023లో వెలువడిన ఫలితం ప్రకారం, యాప్ ఉన్నవారు లేనివారికంటే సుమారు 10 శాతం తక్కువ తాగారు.

"తగ్గించడమేమిటి పాస్టరుగారూ, మానాలి గదా" అని మీరు అనవచ్చు. మానడమే మేలు, సందేహం లేదు. కాని లెక్క తెలియనివాడికి మానవలసిన అవసరమే కనిపించదు. "ఒక్క బీరే తాగాను" అనే కుర్రవాడి మాటనే తీసుకుందాం. 10 గ్రాముల ఆల్కహాలును వైద్యులు ఒక కొలతగా లెక్కిస్తారు. 650 మిల్లీలీటర్ల సీసాలో 8 శాతం స్ట్రాంగ్ బీరు ఉంటే అది నాలుగు కొలతలు. విస్కీ క్వార్టరు అయితే ఆరు. ఆ కుర్రవాడు అబద్ధమాడలేదు, ఒకటి అనుకొని నాలుగు తాగాడు. ఆపై మోటారుసైకిలు ఎక్కాడు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం మన చట్టంలో నేరం.

ఈ లెక్కకు స్విట్జర్లాండు యాప్ ఉండి తీరాలని లేదు. ఫోనులో తేదీ వేసి, ఎన్ని కొలతలో రాసుకున్నా చాలు. నెల తిరిగేసరికి ఆ అంకెలే మాట్లాడుతాయి.

అయితే యాప్ హద్దు కూడా చెప్పాలి. 10 శాతం అంటే పది గ్లాసుల చోట తొమ్మిది, అంతే. తాగుడువల్ల వచ్చే ఇక్కట్లలో మాత్రం రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఫోను లెక్క చెబుతుంది గాని, సాయంత్రం రమ్మని పిలిచే స్నేహితుడికి బదులు చెప్పదు, ఫెయిలైన సబ్జెక్టు దిగులు వినదు. అది ఇంటివారి పని. సామెతల గ్రంథం 23వ అధ్యాయంలో తాగుడును గూర్చిన హెచ్చరిక తండ్రి కుమారునితో మాట్లాడుతున్నట్లే సాగుతుంది. మాట్లాడాలంటే కుమారుడు దగ్గర ఉండాలి గదా! బిడ్డ నిజం చెప్పిన రోజున చెయ్యి చేసుకుంటే, రెండవసారి నిజం చెప్పడు.

మరొక జాగ్రత్త. రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, ఫిట్స్ రావడం జరగవచ్చు, ప్రాణాపాయం కూడా ఉంటుంది. అటువంటివారిని ఒట్టు వేయించి ఊరుకోక, డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. వ్యసన విముక్తికి 14446, మనోవేదనకు 14416 నెంబర్లకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఈ పండుగ సెలవులకు బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు ఫోను లాక్కొని చూడకండి. సీసాకు ఎన్ని కొలతలో మీరే చెప్పి, తరువాత అతడు చెప్పేది చివరిదాకా వినండి.