ఒక్క చుక్క లెక్క

మన ఐటీ వాళ్ళకి గుణకారం మీద మహా నమ్మకం. ఒక యూజర్‌కి ఇంత టైం పట్టింది కాబట్టి వెయ్యి మందికి ఇన్ని సర్వర్లు చాలు అని స్లైడులో రాసేస్తాం. తీరా చూస్తే వెయ్యి మందీ ఒకే డేటాబేస్ లాక్ దగ్గర క్యూ కడతారు. ఇంధనం చుక్కల దగ్గరా అచ్చంగా ఇదే తంతు. కాకపోతే అక్కడ లెక్క తప్పితే వచ్చేది టికెట్ కాదు, పొగ!

ఒంటరి చుక్క సంగతి 1950లలోనే తేల్చేశారు. గాడ్‌సేవ్, స్పాల్డింగ్ చెప్పిన సూత్రం భలే ముచ్చటగా ఉంటుంది. మండే చుక్క వ్యాసానికి వర్గం కడితే అది కాలంతో పాటు ఒకే వేగంతో తగ్గుతుంది. అంటే చుక్క సైజు సగమైతే పావు వంతు టైములో కాలిపోతుందన్నమాట. ఒక మిల్లీమీటరు చుక్కకి సుమారు ఒక సెకను పడితే, అందులో పదో వంతు చుక్కకి సెకనులో నూరో వంతు చాలు. ఇంకేం, సన్నగా చిమ్మితే పనైపోయినట్టే కదా?

కాదండీ. ఆ సూత్రంలో చుక్కకి ఇరుగూ లేదు, పొరుగూ లేదు.

కట్టెల పొయ్యి చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఒక్క కట్టె పెడితే కాసేపటికి ఆరిపోతుంది. నాలుగు చేరిస్తే ఒకదాని వేడి ఇంకోదానికి తగిలి బాగా మండుతాయి. అదే కుక్కిపెడితే ఇల్లంతా పొగ. చుక్కలూ అంతే. మరీ దూరంగా ఉంటే ఒకటి అంటుకున్నా మంట పక్కదాన్ని చేరదు. మరీ దగ్గరైతే అన్నీ ఆవిరవడానికి అదే గాలిలోంచి వేడి లాక్కుంటాయి, గాలి చల్లబడి అసలు అంటుకోవడమే ఆలస్యమవుతుంది. అంటుకున్నాక ఆక్సిజన్ కోసం పోటీ. 1970ల చివర్లో చియూ, ఆయన సహచరులు చెప్పింది ఇదే: గుంపు చిక్కగా ఉంటే విడివిడి మంటలు పోయి, మొత్తం గుంపు చుట్టూ ఒకే మంట ఉంటుంది. లోపలి చుక్కలు మండవు, ఊరికే ఆవిరవుతాయి.

డీజిల్ ఇంజన్లో జరిగేది దీనికి దగ్గరే. ఒక్కో చుక్కకీ ఒక్కో బుల్లి మంట అనే బొమ్మ అక్కడ పనికిరాదు. గాలి అందని లోపలి భాగంలో మసి పుడుతుంది. చాలావరకు అంచు మంటలో కాలిపోతుంది, మిగిలింది సైలెన్సర్లోంచి మన ముక్కుల్లోకి. డీజిల్ పొగ కాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చి చెప్పింది. మన దగ్గర 2020లో బీఎస్-6 వచ్చాక డీజిల్ కార్లకి మసి పట్టే ఫిల్టర్లు తప్పలేదు.

"ఒక్క చుక్కతో మొదలెట్టకపోతే ఎలాగోయ్?" అంటారా? మొదలెట్టాల్సిందే. యూనిట్ టెస్ట్ వద్దని ఎవరంటారు? అంతరిక్ష కేంద్రంలో నాసా 2009 నుంచి ఒంటరి చుక్కల్ని మండించింది కాబట్టే, కంటికి కనిపించే మంట ఆరిపోయాక కూడా చుక్క చల్లటి మంటతో మండుతూ ఉండగలదని బయటపడింది. నా గొడవల్లా అక్కడే ఆగిపోవడం గురించి. ఒంటరిగా కొలిచిన ఏ అంకె పక్కనైనా "ఇది ఒంటరిగా కొలిచింది" అని రాయాలి. చుక్కకైనా, సర్వరుకైనా, అప్రైజల్లో మనిషికైనా సరే. పక్కన ఎవరున్నారో, ఎంత దూరంలో ఉన్నారో చెప్పని అంకెని గుణించే హక్కు మనకి లేదు. ఏమంటారు?