గ్రంథాలయానికి గుంబదు కంటే గుమ్మం ముఖ్యం

కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయం 2016లో ఏర్పడింది. 1947లో అక్కడ ఉస్మానియా కళాశాలను నెలకొల్పిన డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరును దానికి పెట్టారు. ఆ పేరుకు తగిన గ్రంథాలయ భవనం ఎలా ఉండాలి? ఈ ప్రశ్న రాగానే మనలో చాలామందికి గుంబదు, మినార్లే మనసులో మెదులుతాయి. కాని మన వాస్తుకళా వారసత్వం అంతకన్న లోతైనది.

హైదరాబాదులో ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనాన్ని చూడండి. 1939లో ప్రారంభమైన ఆ కట్టడంలో ఎర్నెస్ట్ జాస్పర్ అజంతా, ఎల్లోరాల స్తంభాల తీరును ఇస్లామీ కమానులతో మేళవించారు. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న ఆసఫియా గ్రంథాలయం 1891లో స్థాపితమై, 1936లో నేటి భవనంలోకి మారింది. ఎత్తయిన పైకప్పు, పెద్ద కిటికీలు, విశాలమైన పఠనమందిరం దాని అసలు సంపద. చదువరికి గాలి, వెలుతురు, చల్లదనం సమకూర్చడమే ఆ నిర్మాణంలోని ఆదాబు. మనం అనుకరించవలసింది దీనినే.

మన సీమలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అద్దాల గోడలు ఇక్కడ చదువుకు శత్రువులు. నేలకు నంద్యాల జిల్లా బేతంచెర్ల బండ ఉంది. రాతిని చెక్కడంలో తరతరాలుగా పేరుగాంచిన శిల్పులు ఆళ్లగడ్డలో ఉన్నారు. దేవతామూర్తులను మలచే ఆ చేతులే గ్రంథాలయ కమానులనూ, జాలీలనూ చెక్కితే, రాయలసీమ కలివిడి జీవనానికి అంతకన్న మంచి సాక్ష్యం ఏముంటుంది?

అయితే గోడలు ఎంత అందంగా ఉన్నా, మన పిల్లలు లోపలికి రాలేకపోతే అది గ్రంథాలయం కాదు. ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చే ఆడబిడ్డ నిశ్చింతగా కూర్చునే చోటు, నమాజుకు, వుజూకు వసతి, దివ్యాంగులకు ర్యాంపు, రాత్రివేళ చదువుకు దీపం మొదటి నక్షాలోనే ఉండాలి. ఉర్దూ పక్కనే తెలుగు, పోటీ పరీక్షల పుస్తకాలు ఉండాలి. మన ఇళ్లలో చెదలు పడుతున్న పాత ఉర్దూ, ఫారసీ గ్రంథాలను భద్రపరచే గది ఉండాలి. నంద్యాలలో ఒక శాఖా పఠనాలయం కూడా కావాలి.

ఇది ఎవరి దయాధర్మమూ కాదు. ప్రజాధనంతో నడిచే విద్యాసంస్థపై మనకున్న హక్కు. భవనం లేచిన తరువాత లోపాలు వెదకడం కన్న, నక్షా దశలోనే తల్లిదండ్రులు, మస్జిద్ కమిటీలు, విద్యార్థి సంఘాలు విశ్వవిద్యాలయానికి, శాసనసభ్యులకు తమ అభిప్రాయాలను లిఖితపూర్వకంగా తెలియజేయాలి.